చదువు పెద్దది, ఉద్యోగం చిన్నది: చెన్నైలోని తెలుగు గ్రాడ్యుయేట్లు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో ఐటీ ఆఫీసులు ఎక్కువగా ఉండే ఓఎంఆర్ రోడ్డు కంపెనీల్లో చాలాకాలం రిక్రూట్‌మెంట్ పని చేశాను. నెల్లూరు, కావలి, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి ఉద్యోగం కోసం చెన్నై వచ్చిన పిల్లలూ, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతూనే ఉంటారు. ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను.

బీటెక్ చదివి డేటా ఎంట్రీ చేస్తున్నాను. నేను ఉద్యోగినా, నిరుద్యోగినా?

లెక్కల ప్రకారం మీరు ఉద్యోగే. జీతం వస్తోంది, పీఎఫ్ కట్ అవుతోంది కాబట్టి నిరుద్యోగుల సంఖ్యలో మీరు లేరు. కానీ మీరు చేసే పనికి ఇంత చదువు అక్కర్లేదు. మీ ఇబ్బంది నిరుద్యోగం కాదు, పనికి మించిన చదువు. రెండింటినీ కలిపేస్తే మీ బాధ ఎవరికీ అర్థం కాదు. ఇంట్లో వాళ్లు "ఉద్యోగం ఉందిగా, ఇంకేం కావాలి" అంటారు.

దీన్ని కొలిచే పద్ధతి ఒకటి ఉంది. 2015 నాటి జాతీయ వృత్తుల వర్గీకరణ పనులను నాలుగు నైపుణ్య స్థాయిలుగా విడదీస్తుంది. క్లర్కులు, సేల్స్ వాళ్లు, డ్రైవర్లు రెండో స్థాయి. టెక్నీషియన్లు మూడో స్థాయి. ఇంజినీర్లు, డాక్టర్లు, లెక్చరర్లు నాలుగో స్థాయి. రెండో స్థాయి పనిలో గ్రాడ్యుయేట్ కూర్చుంటే చదువు పనిని మించిపోయినట్టే.

నాకొక్కడికేనా ఇలా జరిగింది?

కాదు. దేశంలోని గ్రాడ్యుయేట్లలో సగానికి పైగా తమ చదువుకన్నా తక్కువ స్థాయి పనుల్లో ఉన్నారని 2024-25 ఆర్థిక సర్వే చెప్పింది. అసలు పనే దొరకని వాళ్ల లెక్క వేరు. అంతర్జాతీయ కార్మిక సంస్థ మరో సంస్థతో కలిసి తెచ్చిన 2024 నివేదిక ప్రకారం 2022లో యువ గ్రాడ్యుయేట్లలో నిరుద్యోగం 29.1 శాతం. చదవడం, రాయడం రాని యువతలో అది 3.4 శాతమే. చదువు లేనివాళ్లకు మంచి ఉద్యోగాలు దొరుకుతున్నాయని దీని అర్థం కాదు. ఇంట్లో జరుగుబాటు లేనివాళ్లు ఏ పని దొరికితే అది చేయాల్సిందే, ఎదురుచూసే వీలు వాళ్లకు లేదు. డిగ్రీ ఉన్నవాళ్లు చదువుకు తగ్గ పని కోసం ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపే 29 శాతంగా కనిపిస్తోంది.

చెన్నైలో జరిగిన సంగతే చూడండి. 2019లో తమిళనాడు అసెంబ్లీ సెక్రటేరియట్ 14 స్వీపర్, శానిటరీ వర్కర్ పోస్టులు ప్రకటిస్తే నాలుగు వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. వాటిలో ఎంటెక్, ఎంబీఏ చదివినవాళ్లవీ ఉన్నాయి. ఆ వార్త చూసి నవ్విన వాళ్లను చూశాను. నవ్వాల్సిన విషయం కాదు. ఆ పోస్టులో ఉద్యోగ భద్రత ఉంది, నెల తిరిగేసరికి జీతం వస్తుంది. ఎంబీఏ చదివిన మనిషి బయట దొరికే పనిలో ఆ రెండూ లేవని లెక్క వేసుకునే అప్లై చేశాడు.

ఇంతమంది గ్రాడ్యుయేట్లు ఎక్కడి నుంచి వచ్చారు?

తమిళనాడుతో మొదలుపెడదాం. 1984లో ఎం.జి.ఆర్. ప్రభుత్వం ప్రైవేటు సెల్ఫ్ ఫైనాన్సింగ్ ఇంజినీరింగ్ కాలేజీలకు తలుపు తెరిచింది. అంతకుముందు ఇంజినీరింగ్ సీటు అంటే చెన్నై గిండీ కాలేజీ లాంటి కొద్ది చోట్లే ఉండేది. తర్వాతి రెండు మూడు దశాబ్దాల్లో కాలేజీల సంఖ్య ఐదు వందలు దాటింది. 2007 అడ్మిషన్ల నుంచి ఎంట్రన్స్ పరీక్ష కూడా తీసేశారు. 2010లో, కుటుంబంలో మొదటిసారి డిగ్రీకి వచ్చిన పిల్లలకు ట్యూషన్ ఫీజు రాయితీ ఇచ్చారు. 2021-22లో దేశం మొత్తం మీద 18-23 ఏళ్ల వాళ్లలో కాలేజీ చేరికల నిష్పత్తి 28.4 శాతం ఉంటే తమిళనాడులో 47 శాతం ఉంది.

మన వైపు కథ ఇంకా వేగంగా నడిచింది. 2000ల చివర్లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ తెచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్ కాలేజీలు ఏడు వందలు దాటాయి. ఉదయగిరి, ఆత్మకూరు లాంటి చోట్ల రైతు కూలీ ఇళ్లలో మొదటి ఇంజినీర్లు వచ్చింది అప్పుడే.

సీట్లను పెంచింది ఫీజు. కాలేజీ పెట్టినవాళ్లకు ఫీజు వస్తుంది, ప్రభుత్వానికి పథకం పేరు వస్తుంది, ఇంట్లోవాళ్లకు ఇంజినీరు వస్తాడు. నాలుగేళ్ల తర్వాత ఈ సివిల్ ఇంజినీర్‌కి సైటు ఎక్కడుంది, ఈ ఈసీఈ వాళ్లకు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ ఎక్కడుంది అని లెక్క వేయాల్సిన బాధ్యత ఎవరి మీదా పెట్టలేదు. కంప్యూటర్ సైన్స్ వాళ్లనూ, మిగతా బ్రాంచిల వాళ్లనూ కూడా చాలా ఏళ్లు ఐటీ సర్వీసు కంపెనీలే తీసుకుంటూ వచ్చాయి కాబట్టి ఈ లోటు బయటపడలేదు. అవి రిక్రూట్‌మెంట్ తగ్గించిన ప్రతిసారీ బయటపడుతోంది. ఫ్రెషర్ జీతం ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోవడానికి కారణం కూడా ఇదే. మనిషి దొరకని చోటే జీతం పెరుగుతుంది.

అంటే ఇన్ని కాలేజీలు పెట్టడం తప్పంటారా?

అనను. సీట్లు పెరగకపోతే ఆ రైతు కూలీ ఇంటి అమ్మాయి ఇవాళ షోలింగనల్లూరులో ఐడీ కార్డు వేసుకుని నడిచేది కాదు. పై కులాల వాళ్లు, డబ్బున్నవాళ్లు ముందే చదువుకుని స్థిరపడ్డాక, ఇప్పుడు మిగతావాళ్లు రాగానే "అందరికీ డిగ్రీ ఎందుకు" అనడం నాకు సుతరామూ నచ్చదు. ఆ మాట అనేవాళ్లు తమ పిల్లల్ని ఐటీఐకి పంపరు.

తప్పు వేరే చోట ఉంది. సీటు ఇచ్చి, లోపల ల్యాబు, లెక్చరరు సరిగా ఇవ్వకపోవడం తప్పు. చదివి బయటకు వచ్చేవాళ్లకు పని పుట్టించే ఫ్యాక్టరీలు, ఆసుపత్రులు, స్కూళ్లు అదే వేగంతో పెంచకపోవడం తప్పు. జాతీయ విద్యా విధానం 2035 కల్లా చేరికల నిష్పత్తి 50 శాతానికి చేరాలంటోంది. చేరాలి. రెండో పక్క, అంటే ఉద్యోగాల లెక్క కూడా వేస్తూ చేరాలి.

ఇంటర్ చదివినా చేయగల పనికి కంపెనీ డిగ్రీ ఎందుకు అడుగుతుంది?

తొరైపాక్కం వైపు ఒక ఆఫీసులో రాత్రి షిఫ్టు ఎలా ఉంటుందో చూడండి. స్క్రీన్‌కి ఎడమవైపు ఎవరో సప్లయర్ పంపిన బిల్లు స్కాన్ కాపీ, కుడివైపు ఖాళీ గడులు. బిల్లు నంబరు, తేదీ, పర్చేజ్ ఆర్డర్ నంబరు, పన్ను, మొత్తం. ఆర్డరులో ఉన్న పరిమాణం, సరుకు అందిన రసీదులో ఉన్న పరిమాణం, బిల్లులో ఉన్న పరిమాణం మూడూ కలిస్తే పేమెంట్‌కి వెళ్తుంది. కలవకపోతే హోల్డ్‌లో పెట్టి కారణం కోడ్ ఎంచుకోవాలి. తర్వాత ఇంకో బిల్లు. గంటకు ఇన్ని అని టార్గెట్ ఉంటుంది, తప్పుల శాతం మీద నెలాఖరులో రేటింగ్ ఉంటుంది. ఆ సీట్లో కూర్చున్న కావలి అమ్మాయి చదివింది ఈసీఈ. నాలుగేళ్లలో నేర్చుకున్న సిగ్నల్స్, మైక్రోప్రాసెసర్లు ఆ స్క్రీన్‌లో ఎక్కడా అక్కరకు రావు. పని మొత్తం కొన్ని వారాల ట్రైనింగ్‌లో వచ్చేసింది. శ్రద్ధ ఉన్న ఇంటర్ పిల్లకూ అదే టైములో వచ్చేది.

అయినా ప్రకటనలో "ఎనీ గ్రాడ్యుయేట్, సిక్స్టీ పర్సెంట్ త్రూఅవుట్, నో బ్యాక్‌లాగ్స్" అనే ఉంటుంది. పది పోస్టులకు వందల అప్లికేషన్లు వస్తాయి, అందరినీ పిలిచి మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. పదో తరగతిలో, ఇంటర్లో, డిగ్రీలో అరవై శాతం అనే గీత పెడితే సగం కుప్ప ఒక్క క్లిక్‌తో తగ్గుతుంది. ఆ డిగ్రీలో నేర్చుకున్న విషయంతో రిక్రూటర్‌కి పని లేదు. ఈ మనిషి నాలుగేళ్లు ఒక చోట నిలబడి పరీక్షలు గట్టెక్కారు అన్న సంకేతం చాలు. మైకేల్ స్పెన్స్ అనే ఆర్థికవేత్త 1973లోనే ఈ సంకేతం సంగతి రాశారు, 2001లో ఆయనకు నోబెల్ వచ్చింది. అందరి దగ్గరా అదే డిగ్రీ ఉంటే సంకేతం విలువ తగ్గి, గీత ఇంకాస్త పైకి జరుగుతుంది. నిన్న ఇంటర్ అడిగిన పోస్టుకు ఇవాళ డిగ్రీ అడుగుతున్నది అందుకే. పని మారలేదు.

దీనివల్ల ఎక్కువ నష్టపోయేది ఇంటర్‌తో ఆగిపోయిన పిల్లలు. వాళ్లు చేయగల పని కూడా వాళ్లకు అందకుండా పోతోంది. వాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు తక్కువ.

అలాంటి ఉద్యోగమే వచ్చింది. చేరమంటారా, మంచిది వచ్చేదాకా ఆగమంటారా?

నిజాయితీగా చెప్పాలంటే రెండింటిలోనూ నష్టం ఉంది. బెల్జియం యువత మీద 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో, చదువుకన్నా తక్కువ పనిలో మొదలుపెట్టినవాళ్లు తగిన పనిలోకి మారడానికి, ఖాళీగా వెతుక్కున్నవాళ్లకన్నా ఎక్కువ కాలం పట్టిందని తేలింది. కానీ అక్కడ వెతుక్కునేవాళ్లకు ప్రభుత్వ భృతి ఉంటుంది. ఇక్కడ వేళచ్చేరి పీజీ హాస్టల్లో ఖాళీగా ఉంటే అద్దె నాన్న కట్టాలి. రెండేళ్ల గ్యాప్ ఉన్న రెజ్యూమేని రిక్రూటర్లు ఎలా చూస్తారో కూడా నాకు తెలుసు.

అందుకని నేను చెప్పేది: చేరండి, కానీ గడువు పెట్టుకుని చేరండి. ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. రాత్రి షిఫ్టు అయితే పగలు నిద్ర పోగా మిగిలేది నాలుగైదు గంటలే. ఆ గంటల్లో ఒక్క విషయం పట్టుకోండి, నాలుగు కోర్సులు మొదలుపెట్టకండి. ఆఫీసులోనే పైన ఏముందో చూడండి. బిల్లులు ఎంటర్ చేసే టీమ్ పక్కనే, ఆ బిల్లులు ఎందుకు హోల్డ్ అవుతున్నాయో విశ్లేషించే టీమ్ ఉంటుంది, ఆ సాఫ్ట్‌వేర్‌ని నడిపే టీమ్ ఉంటుంది. ఎక్సెల్, డేటాబేస్ నుంచి వివరాలు తీసే ఎస్‌క్యూఎల్ వచ్చి, లోపలి పని తెలిసిన మనిషిని వాళ్లు బయటివాళ్లకన్నా ముందు తీసుకుంటారు. కంపెనీలో అంతర్గత బదిలీకి ఎన్నాళ్లు ఆగాలో చేరే రోజే హెచ్ఆర్‌ని అడగండి. ఇన్నాళ్లు మానకూడదనే బాండ్ ఉంటే చదివి సంతకం పెట్టండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి, చూపించి వెనక్కి తీసుకోండి.

"ఎంటెక్ గానీ ఎంబీఏ గానీ చేయించేద్దామా సార్?"

పిల్లల కన్నా నాన్నలే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. ఖాళీగా ఉన్నాడన్న మాట పడకుండా ఉండటానికే అయితే వద్దండీ. క్యూలో అందరూ ఒక్కసారిగా ఒక అడుగు ముందుకు వేస్తే ఎవరి స్థానమూ మారదు. రెండేళ్లు, కొన్ని లక్షలు ఖర్చయ్యాక మీ అబ్బాయి అదే "ఎనీ గ్రాడ్యుయేట్" ఉద్యోగానికి రెండేళ్లు పెద్దవాడై వెళ్తాడు.

అవసరానికి మించిన చదువుకు జీతంలో ఏమీ రాదనడం కూడా సరికాదు. 1981లో డంకన్, హాఫ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా లెక్కలు తీశారు. పనికి అవసరమైన ఒక్కో ఏడాది చదువుకు జీతంలో ఎంత పెరుగుదల వస్తుందో, అవసరానికి మించిన ఏడాదికి అందులో దాదాపు సగం వస్తుందని తేల్చారు. సగం రాబడికి పూర్తి ఖర్చు పెట్టాలా అన్నది మీరు తేల్చుకోవాలి.

ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో మంచి ర్యాంకు వచ్చి స్టైపెండ్‌తో సీటు వస్తే లెక్క మారుతుంది. లెక్చరర్ కావాలని నిజంగా ఉంటే కూడా మారుతుంది, కాకపోతే అక్కడా పరిస్థితి చూసి దిగండి. యూజీసీ స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700తో మొదలవుతుంది. ఆ పోస్టులు నింపకుండా, పీహెచ్‌డీ, లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ ఉన్నవాళ్లను గెస్ట్ లెక్చరర్లుగా పెట్టుకుని అందులో సగం కూడా ఇవ్వని కాలేజీలు ఎన్నో ఉన్నాయి. అందరికన్నా ఎక్కువ చదివినవాళ్లకు జరుగుతున్న ఈ అన్యాయం గురించి గట్టిగా మాట్లాడాలి.

డిగ్రీ సంగతి దాచి, టెన్త్ లేదా డిప్లొమా పోస్టుకు అప్లై చేయొచ్చా?

చేయకండి. ఇది టెన్షన్‌తో ముగిసే పని. పంజాబ్ నేషనల్ బ్యాంకు ప్యూన్ పోస్టుకు ఇంటర్ దాటి చదివినవాళ్లు అప్లై చేయకూడదని ప్రకటనలో ఉంది. ఒక అభ్యర్థి తన డిగ్రీ సంగతి చెప్పకుండా ఎంపికయ్యాడు, తర్వాత బయటపడింది. హైకోర్టు అతని వైపు నిలిచినా, 2020 నవంబరులో సుప్రీంకోర్టు బ్యాంకు నిర్ణయమే సరైనదంది. దాచడమే అక్కడ పెద్ద తప్పయింది.

దాచకపోయినా ఇబ్బందే రావచ్చు. చెన్నై మెట్రోలో ట్రైన్ ఆపరేటర్ లాంటి పోస్టులకు డిప్లొమా అడిగారు, ఎక్కువ చదివినవాళ్లను తీసుకోమని ప్రకటనలోనే రాశారు. బీఈ చదివిన అభ్యర్థి కోర్టుకెళ్తే, 2019లో మద్రాసు హైకోర్టు ఆ తిరస్కరణను సమర్థించింది. టీచర్ పోస్టుల్లోనూ ఇదే తీరు. బీఈడీ ఉంటే ప్రైమరీ టీచర్ పోస్టుకు సరిపోదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది, చిన్నపిల్లలకు చెప్పడానికి డీఈడీ శిక్షణ వేరు కాబట్టి. "ఎక్కువ చదివాను, తక్కువ దానికి ఎలాగూ సరిపోతాను" అనేది చట్టం ముందు నిలవకపోవచ్చు. నోటిఫికేషన్‌లో కనీస అర్హతతో పాటు గరిష్ఠ అర్హత వాక్యం కూడా చదవండి.

డబ్బు కడితే రెజ్యూమేలో రెండేళ్ల దొంగ ఎక్స్‌పీరియన్స్ పెడతామని కొందరంటున్నారు...

వద్దు. మీ పీఎఫ్ ఖాతా నంబరు యూఏఎన్‌లో మీ సర్వీసు చరిత్ర కనిపిస్తుంది. చేరిన మూడు నెలలకు వెరిఫికేషన్‌లో దొరికి, అప్పుచేసి కట్టిన డబ్బూ ఉద్యోగమూ రెండూ పోయిన పిల్లలు ఉన్నారు.

గవర్నమెంట్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతాను. ఎన్నేళ్లు పెట్టొచ్చు?

2018లో తమిళనాడు సర్వీస్ కమిషన్ (టీఎన్‌పీఎస్‌సీ) గ్రూప్ 4 పోస్టులు 9,351 ఉంటే దాదాపు 20 లక్షల మంది దరఖాస్తు చేశారు. అడిగిన అర్హత పదో తరగతి. ఈ లెక్క గోడ మీద రాసి పెట్టుకుని, ఆ తర్వాత ఎన్నేళ్లో నిర్ణయించుకోండి. నా మటుకు నేను రెండు ప్రయత్నాలు, అది కూడా ఏదో ఒక పని చేస్తూ, అంటాను. ఊరికే లైబ్రరీలో గడిచిపోయిన ఐదారేళ్లు తర్వాత ఏ రెజ్యూమేలోనూ పూడవు.

చెన్నై తెలుగు పిల్లలు ఇంకో విషయం చూసుకోవాలి. 2021 డిసెంబరు నుంచి తమిళనాడు నియామక పరీక్షల్లో తమిళం పేపరు తప్పనిసరి, అందులో 40 శాతం రాకపోతే మిగతా పేపర్లు దిద్దరు. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లిష్, వీధిలో తమిళం మాట్లాడి పెరిగిన పిల్లలు తమిళం చదవగలిగినా వ్యాసం రాయలేరు. మరోపక్క, చదువంతా చెన్నైలో కాబట్టి ఆంధ్రప్రదేశ్ పోస్టుల్లో లోకల్ కోటా కిందికి రారు. రెండు రాష్ట్రాల్లోనూ గడప బయటే నిలబడే పరిస్థితి. ఇలాంటి పిల్లలకు బ్యాంకులు, రైల్వే, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) లాంటి కేంద్ర పరీక్షలు నయం. రాష్ట్ర ఉద్యోగమే కావాలంటే మొదట ఆరు నెలలు తమిళం రాత మీద కూర్చోండి.

అప్రెంటిస్‌షిప్ చేస్తే చిన్నతనమా?

కాదు. మన పిల్లలు అస్సలు పట్టించుకోని మంచి దారి ఇది. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. డిగ్రీ, డిప్లొమా అయినవాళ్లకు జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం కింద ఏడాది శిక్షణ ఉంటుంది. దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ దాని ఆఫీసు చెన్నైలోనే, తరమణిలో ఉంది. 2019 నియమాల ప్రకారం గ్రాడ్యుయేట్‌కి నెలకు కనీసం 9,000 స్టైపెండ్, చేరేముందు ఇప్పటి రేటు చూసుకోండి. డబ్బు తక్కువే. కానీ మెకానికల్ చదివినవాడు ఒరగడంలోనో, శ్రీపెరుంబుదూరులోనో ఏడాది మిషన్ల మధ్య గడిపితే అతని చదువుకూ పనికీ సంబంధం తెగిపోదు. బీపీఓలో రెండేళ్లు గడిచాక మళ్లీ మెకానికల్‌లోకి రావడం చాలా కష్టం. సూళ్లూరుపేట దాకా లోకల్ రైళ్లు ఉన్నాయి కాబట్టి, ఆ రైలు దారిలో కంపెనీ దొరికితే సరిహద్దు ఊళ్ల వాళ్లు ఇంటి నుంచే రోజూ వెళ్లి రావడం కూడా కుదురుతుంది.

అయితే ఇంటర్ తర్వాత డిగ్రీ మానిపించి ఐటీఐలో పెట్టమంటారా?

చేతిపని మీద ఆసక్తి ఉన్న పిల్లాడైతే పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్ నిజంగా మంచిది, తర్వాత లాటరల్ ఎంట్రీతో బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. కానీ ఊరంతా డిగ్రీ చదువుతుంటే మీ బిడ్డ ఒక్కడే మానేయడం వల్ల ఈ సమస్య తీరదు, వాడికి ఇంకో తలుపు మూసుకుంటుంది. ఆడపిల్లల విషయంలో అసలు అనను. డిగ్రీ చదివే మూడు నాలుగేళ్లు పెళ్లి వాయిదా పడుతుంది, ఒక ఊరు దాటి ఇంకో ఊరు చూస్తుంది, సొంతంగా బ్యాంకు ఖాతా నడుపుతుంది. జీతం లెక్కలో కనపడని లాభాలు ఇవి, చిన్నవి కావు.

అల్లుడి తరఫు వాళ్లకు, చుట్టాలకు ఏమని చెప్పుకోవాలి?

చేస్తున్న పని పేరు ఉన్నదున్నట్టు చెప్పండి. "సాఫ్ట్‌వేర్" అని చెప్పి తర్వాత దాచుకోవడం కన్నా అదే తేలిక. ప్రతి ఆదివారం ఫోన్ చేసి "పక్కింటి వాళ్లబ్బాయికి ఎంత ప్యాకేజీ అంట" అని చెప్పడం మాత్రం దయచేసి ఆపండి. ఆ ఫోన్ పెట్టేశాక పిల్లలు ఎలా ఉంటారో పీజీ గదుల్లో చూశాను.

మా అమ్మాయికి ఈ ఏడు కాలేజీ చూస్తున్నాం. అక్కడ ఏం అడగాలి?

ప్లేస్‌మెంట్ శాతం అడగకండి, అది బ్యానర్ మీదే ఉంటుంది. మీ అమ్మాయి చేరబోయే బ్రాంచిలో నిరుడు పాసైనవాళ్లు ఎంతమంది, వాళ్లలో ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, వాళ్ల ఆఫర్ లెటర్‌లో హోదా ఏమని ఉంది అని అడగండి. ఇంజినీరింగ్ పనికి తీసుకునే "గ్రాడ్యుయేట్ ఇంజినీర్ ట్రైనీ" వేరు, బిల్లుల ఎంట్రీ లాంటి పనికి తీసుకునే "ప్రాసెస్ అసోసియేట్" వేరు. రెండూ బ్యానర్ మీద ఒకే ఫొటోలో ఉంటాయి. అత్యధిక ప్యాకేజీ కాదు, మధ్యలో నిలిచిన పిల్లకు ఎంత వచ్చిందో అడగండి. ల్యాబు తలుపు తీయించి చూడండి, అక్కడి రిజిస్టరులో చివరి తేదీ ఎప్పటిదో చూడండి. ఆ తర్వాత కాలేజీ బయటికి వచ్చి, బస్టాపులో ఉన్న ఫైనలియర్ పిల్లల్ని తెలుగులో పలకరించండి. చెన్నై చుట్టుపక్కల కాలేజీ ఏదైనా ఇద్దరు ముగ్గురు మన వైపు వాళ్లు దొరుకుతారు. వాళ్ల సీనియర్లు ఇప్పుడు ఏ కంపెనీలో, ఏ షిఫ్టులో, ఏ పని చేస్తున్నారో వాళ్లే చెప్తారు.